కుండీ కింది సుత్తితల పురుగును పోల్చుకోవడం ఎలా

వానాకాలంలో మా డాబా మీద కుండీ ఎత్తినప్పుడల్లా మా ఆవిడ "అమ్మో, జలగ!" అంటుంది. జలగ కాదండీ. జలగకైనా వానపాముకైనా ఒంటి నిండా వలయాలుంటాయి. దీనికి ఒక్కటీ ఉండదు. నున్నగా, పోయినంత మేరా బంక వదులుతూ పాకుతుంది. నేల మీద బతికే ప్లనేరియా ఇది, బల్లపరుపు పురుగుల్లో జియోప్లానిడే కుటుంబం.

ముందు గ్లవ్స్ వేసుకోండి. సుత్తితల పురుగుల్లో బైపాలియం అనే ప్రజాతికి చెందిన రెండు జాతుల్లో పఫర్ చేపలో ఉండే టెట్రోడోటాక్సిన్ విషమే ఉందని 2014లో తేలింది.

గాజు గిన్నెలో కాస్త తడి చేసి పురుగును వదలండి. పాకుతున్నప్పుడే తల చూడాలి, బెదిరితే ముడుచుకుపోతుంది. తల అర్ధచంద్రంలా విచ్చుకుంటే బైపాలినే ఉపకుటుంబం. తల సన్నగా ఉండి రెండే కళ్ళుంటే అది సుత్తితల కాదు, రింకోడెమినే అనే ఉపకుటుంబం కావచ్చు, మైక్రోప్లానినే అనేది కావచ్చు. అక్కడ తొందరపడకండి.

ఇప్పుడు గిన్నె పైకెత్తి అడుగు నుంచి టార్చి వేయండి. అసలు తమాషా అంతా పొట్ట వైపునే. నడిమధ్య పాలిపోయిన పట్టీ కనిపిస్తుంది, పాకేది దాని మీదే. నోరు తలలో ఉండదు, పొట్ట కింద సగం దూరంలో ఉంటుంది. వానపాము దొరికితే అందులోంచి ముడతలు ముడతలుగా తెల్లటి గ్రసనిని (తిండి పీల్చే గొట్టాన్ని) బయటికి తోసి, దాని మీద పరిచి, కరిగించి పీల్చేస్తుంది. లోపల పేగుకు మూడు కొమ్మలు: ఒకటి ముందుకు, రెండు వెనక్కి. మలద్వారం లేదు, మిగిలిందీ నోటిలోంచే పోవాలి. నోటికి వెనక ఇంకో చిన్న రంధ్రం కనిపిస్తే అది జననరంధ్రం. ఆడా మగా ఒకే ఒంట్లో.

లేత గోధుమరంగు వీపు మీద ఐదు ముదురు చారలు, మెడ దగ్గర మధ్యలో తెగిన నల్లపట్టీ ఉంటే బైపాలియం కివెన్సే అనుకోవచ్చు. లండన్ క్యూ గార్డెన్స్ అనే వృక్షోద్యానం వేడిగదుల్లో దొరికిన దాన్ని 1878లో మోస్లీ అనే ప్రకృతి శాస్త్రవేత్త వర్ణించాడు. పుట్టిల్లు మాత్రం ఆగ్నేయాసియా, మొక్కల మట్టితో లోకమంతా తిరిగింది.

అయితే చారలు చూసి జాతి ఖాయం చేస్తే నేనొప్పుకోను. జననాంగాలను పల్చటి పొరలుగా కోసి సూక్ష్మదర్శిని కింద చూడాలి, లేదా డీఎన్ఏ పరీక్ష చేయించాలి. కివెన్సేతో ఇంకో చిక్కుంది: ఎక్కువగా తోక ముక్కను తెంపుకోవడం ద్వారానే సంతతి పెంచుతుంది కాబట్టి, పక్వమైన జననాంగాలున్నది దొరకడమే అరుదు.

అందుకే చంపాలన్నా కోయొద్దు, ముక్కలు మళ్ళీ పురుగులవుతాయి. డబ్బాలో వేసి ఉప్పు చల్లండి, కుండీలో మాత్రం వద్దు. దాచాలంటే 95 శాతం ఆల్కహాల్లో వేయండి. ఫొటోలు ముందే తీసుకోండి, ఆల్కహాల్లో రంగు నిలవదు.