వంగిన ఇంజిన్ హెడ్‌ను ఇంట్లోనే సమం చేయడం ఎలా?

దాళ్వాలో, అంటే రెండో పంటకు, శివారు పొలాలకు వంతు నీళ్లు ఓ పట్టాన ఎక్కవు. మురుగు కాలువ గట్టున చిన్న పెట్రోలు ఇంజిన్ పెట్టి రాత్రంతా తోడుకోవాల్సిందే. అలా తోడుతూనే మా బాబాయి ఇంజిన్ ఓ రోజు మొరాయించింది. తాడు లాగితే చేతికి బరువే తగల్లేదు. సిలిండర్ మీద మూతలా ఉండే హెడ్డు అంచున సబ్బునీళ్లు పోసి తాడు లాగితే బుడగలొచ్చాయి. అంటే హెడ్డు కింద వేసే ప్యాకింగ్ పోయి ఉండాలి, లేదా హెడ్డు వంగి ఉండాలి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పండి. వేడి మీద విప్పితే ఇంకా వంగుతుంది. స్పార్క్ ప్లగ్ తీసేసి, బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేయండి. మా ఇంజిన్ సైడ్ వాల్వ్ రకం, అంటే వాల్వులు సిలిండర్ పక్కన బ్లాకులోనే ఉంటాయి, హెడ్డు ఉత్త పలకే. మీ హెడ్డులోనే వాల్వులుంటే ముందు వాటిని తీసేయాలి.

మసిని చెక్క ముక్కతో గీకండి, స్క్రూడ్రైవర్ వద్దు. స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి పొడవునా, అడ్డంగా, రెండు మూలలకూ పెట్టి కింద ఫీలర్ గేజ్ (మందం రాసి ఉండే పల్చటి రేకుల కట్ట) దూర్చి చూడండి. 0.10 మి.మీ. రేకు దూరిందంటే రుద్దాలి. 0.25 దూరితే మాత్రం లేత్ షాపుకి ఇచ్చేయడమే మేలు. ఎక్కువ అరగదీస్తే వాల్వులకు చోటు తగ్గుతుంది, కంప్రెషన్ (సిలిండర్లో ఒత్తిడి) పెరిగి ఇంజిన్ టకటకమని నాక్ కొడుతుంది. హెడ్డు కూర్చునే బ్లాకు పైభాగాన్నీ ఇలాగే కొలవండి. దాన్ని మాత్రం రుద్దకండి, రజను సిలిండర్లో పడుతుంది.

అసలు పని కింద పెట్టే బల్లతోనే ఉంది. గ్లాసు షాపులో మిగిలిన 10 లేదా 12 మి.మీ. అద్దం ముక్క అడగండి. కడప బండ చూడ్డానికి చదునుగానే ఉంటుంది కానీ దీనికి పనికిరాదు. అద్దం తడిపి 220 నంబరు వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం) పరిస్తే దానంతటదే అతుక్కుంటుంది. మార్కర్‌తో హెడ్డు ముఖం నిండా అడ్డగీతలు గీయండి. సబ్బునీళ్లు చల్లి, ఎనిమిది అంకె చుట్టినట్టు మెల్లగా తిప్పండి. పదిసార్లకోసారి హెడ్డును పావు వంతు తిప్పి పట్టుకోండి. నొక్కొద్దు, హెడ్డు బరువే చాలు. మొదటిసారి నేను తొందరపడి ఒకవైపు నొక్కాను, ఆ అంచు వాలిపోయి గంట పని అదనంగా పడింది.

గీతలు ముందు మూలల్లో చెరుగుతాయి. సైలెన్సర్ వైపు రెండు బోల్టుల మధ్య నల్లటి మచ్చ ఒకటి మొండికేస్తుంది. గుంట అక్కడే. అది కూడా పోయి ముఖమంతా ఒకే బూడిద రంగుకు వచ్చాక 400 పేపరుతో కాసేపు రుద్ది ఆపేయండి. అద్దంలా మెరవక్కర్లేదు.

సబ్బుతో బాగా కడిగి, బోల్టు రంధ్రాల్లో గాలి కొట్టండి. ప్యాకింగ్ కొత్తదే వేయాలి. పాతదానికి గమ్ము పూసి నెట్టుకొద్దామనుకుంటే మళ్లీ విప్పే పనే. బోల్టులను ఎదురెదురుగా, మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కు (బిగింపు కొలతకు) బిగించండి.

స్టార్ట్ చేసేముందు ఫ్యాన్ కవరు విప్పండి. బాబాయి ఇంజిన్లో గుప్పెడు ఎండుగడ్డి, చల్లబరిచే హెడ్డు రెక్కల మధ్య గట్టిపడిన రేగడి మట్టి ఉన్నాయి. గాలి ఆడక వేడెక్కి హెడ్డు వంగింది అందుకే. ఇప్పుడాయన వారానికోసారి పాత టూత్ బ్రష్షుతో ఆ రెక్కలు దులుపుతున్నాడు.