మారథాన్‌నే కెరీర్‌గా తీసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

మావాడు బాగా పరిగెడతాడు, మారథాన్‌లో పెట్టొచ్చా అని చాలామంది పేరెంట్స్ అడుగుతుంటారు. పెట్టొచ్చు, కానీ ఇప్పుడే వద్దు. ఫుల్ మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు, పెద్ద రేసుల్లో 18 నిండందే ఎంట్రీ కూడా ఇవ్వరు, అయినా ఆ వయసులో కావాల్సింది దూరం కాదు స్పీడ్. ముందు ట్రాక్ మీద 1500, 5000 మీటర్లు, కాస్త ముదిరాక 10,000. స్కూల్ గేమ్స్, జిల్లా మీట్, క్రాస్ కంట్రీ ఏదీ వదలొద్దు, సర్టిఫికెట్లన్నీ ఒక ఫైల్లో భద్రంగా పెట్టండి, రేపు ఉద్యోగం వచ్చేది వాటితోనే.

ఉద్యోగం అని ఎందుకంటున్నానంటే మన దగ్గర కేవలం ప్రైజ్ మనీతో ఇల్లు గడవడం చాలా కష్టం. సీరియస్‌గా పరిగెత్తేవాళ్లు ఏడాదికి రెండు, మహా అయితే మూడు మారథాన్లు చేస్తారు, రేసు రోజు పిక్క పట్టేసిందంటే నెలల కష్టం నీళ్లపాలు. అందుకే ఆర్మీ, రైల్వే, పోలీస్ స్పోర్ట్స్ కోటా. జీతం వస్తుంది, తిండికి, ట్రైనింగ్‌కి లోటుండదు. వయనాడ్ కుర్రాడు గోపి ఆర్మీలో ఉండే రన్నర్ అయ్యాడు, 2016 ముంబై మారథాన్‌లో వేరేవాళ్లకి పేసర్‌గా, అంటే ముందుండి స్పీడ్ చూపించే రన్నర్‌గా దిగి ఆగకుండా చివరిదాకా పరిగెత్తి రియో ఒలింపిక్స్‌కే క్వాలిఫై అయిపోయాడు, 2017లో ఏషియన్ మారథాన్ ఛాంపియన్ కూడా. వెనక నెలనెలా జీతం ఉంటేనే అంత ఓపిగ్గా ఏళ్లతరబడి ట్రైన్ అవ్వగలరని నా గట్టి నమ్మకం.

ఇక టైమ్ సంగతి. 2 గంటల 15 నిమిషాల్లో పూర్తి చేయాలంటే కిలోమీటర్ 3 నిమిషాల 12 సెకన్లలో, అంటే 400 మీటర్ల ట్రాక్ మీద దాదాపు 77 సెకన్లకో రౌండ్, అలా 105 రౌండ్ల పైనే. 2024 పారిస్ ఒలింపిక్స్‌కి మగవాళ్ల క్వాలిఫైయింగ్ టైమ్ ఇంకా కష్టంగా ఉండేది, 2:08:10. ఈ స్థాయికి వారానికి 160 నుంచి 200 కిలోమీటర్లు పరిగెత్తాలి, అందులో ఎక్కువ భాగం హాయిగా మాట్లాడుతూ పరిగెత్తగలిగే ఈజీ స్పీడే, రోజూ చావగొట్టుకుంటే షిన్ బోన్‌లో స్ట్రెస్ ఫ్రాక్చర్ వస్తుంది. మన ఎండలకి తెల్లారకముందే లాంగ్ రన్ ముగించేయాలి. కోచ్ దొరికాక ఊటీ లాంటి ఎత్తు ప్రదేశంలో కొన్ని వారాలు క్యాంప్ చేస్తే ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి, కానీ వెళ్లే ముందు బ్లడ్ టెస్ట్‌లో ఐరన్ చూపించుకోండి, అది తక్కువుంటే కొండెక్కినా ఫలితం ఉండదు. అమ్మాయిలైతే ఇది అస్సలు మర్చిపోవద్దు.

చాలామంది పట్టించుకోని పని ఒకటుంది, పరిగెడుతూనే నీళ్లు, డ్రింక్ తాగడం. ఎలీట్ రన్నర్లకి దారిలో టేబుళ్ల మీద వాళ్ల సొంత బాటిల్స్ పెడతారు, ఆ స్పీడ్‌లో వెళ్తూ వెళ్తూ తమ బాటిల్ గుర్తుపట్టి అందుకోవాలి, చెయ్యి జారిందా అయిపోయింది. కాబట్టి రోడ్డు పక్కన స్టూలు వేసి, బాటిల్‌కి రంగు టేపు చుట్టి, పట్టుకోవడానికి వైరు హ్యాండిల్ కట్టి లాంగ్ రన్‌లో ప్రాక్టీస్ చేయండి. గంటకి 60 గ్రాముల కార్బ్స్ పైన కడుపు తట్టుకోవాలి, అదీ అలవాటు చేయాల్సిందే.

మొదటి మారథాన్‌కి టైమే ముఖ్యమైతే ఆగస్టులో హైదరాబాద్ వద్దు, ఆ ఉక్కపోత, ఫ్లైఓవర్లు టైమ్ తినేస్తాయి. జనవరిలో ముంబై చూడండి, అక్కడ ఇండియన్ ఎలీట్స్‌కి ప్రైజులు విడిగా ఉంటాయి, లేదంటే ఫిబ్రవరిలో ఢిల్లీ.

ఇంకోటి, జలుబు చేసినా సరే మెడికల్ షాపులో అడిగి మాత్ర వేసుకోవద్దు. అందులో సూడోఎఫెడ్రిన్ లాంటివి ఉంటే రేసు టైమ్‌లో డోపింగ్ టెస్ట్‌లో దొరికిపోవచ్చు, జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్ డబ్బా అయితే ఇంకా ప్రమాదం. నాకు తెలీదండీ అంటే నాడా (మన దేశంలో డోపింగ్ టెస్టులు చేసే సంస్థ) వాళ్లు ఊరుకోరు, ఒంట్లో ఏది దొరికినా బాధ్యత రన్నర్‌దే. ఏ మందైనా డాక్టర్‌కి మీరు అథ్లెట్ అని చెప్పి, నిషేధిత లిస్టులో చూసుకుని, చీటీ దాచుకున్నాకే వేసుకోండి.