పాత వాల్వు బాస్ ఆంప్‌కు ప్లగ్ పెట్టే ముందు

వానలు తగ్గి దసరా దగ్గర పడేసరికి విజయనగరంలో ఆర్కెస్ట్రా వాళ్లకు చేతినిండా పని. విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం, ఆ వెనకే క్రిస్మస్, సంక్రాంతి. జూన్ నుంచి మూలపడి ఉన్న వాల్వు ఆంప్‌ను (గాజు గొట్టాలతో పనిచేసే పాతకాలపు ఆంప్లిఫయర్) దించి, దుమ్ము దులిపి, "పనిచేస్తుందో లేదో ఒకసారి చూద్దాం" అని ప్లగ్ పెట్టేస్తారు. ఫెండర్ బాస్‌మ్యాన్ కావచ్చు, ఆంపెగ్ బీ-15 కావచ్చు, బాస్ గిటార్‌కు వాడుకుంటున్న మన పాత పీఏ (మైకు సెట్టు) ఆంప్ కావచ్చు, ఆ "ఒకసారి చూద్దాం" దగ్గరే ఎక్కువ నష్టం జరుగుతుంది.

మన తీరం గాలిలో తేమకు తోడు ఉప్పు కూడా ఉంటుంది. కాగితం పొరలతో చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్లు తేమ పీలుస్తాయి, పాత కార్బన్ రెసిస్టర్ల విలువ పెరిగిపోతుంది, వాల్వు సాకెట్లకు చిలుం పడుతుంది. వెనక పలక విప్పి, రెండు మూడు రోజులు పొడి గదిలో ఫ్యాను కింద ఉంచండి. ఎండలో మాత్రం పెట్టొద్దు, పెట్టె మీది తొడుగు జిగురు ఊడిపోతుంది. తర్వాత టార్చి వేసి లోపల చూడండి. ఎండిపోయిన బల్లి, బొద్దింక గుడ్లు, ఎలుక కొరికిన వైరు ఏదైనా కనిపించవచ్చు. నవ్వకండి, 400 వోల్టుల టెర్మినళ్ల మధ్య ఒక్క బల్లి చాలు. తెలిసిన ఎలక్ట్రీషియన్ దగ్గర మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఉంటే, పవర్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ (మెయిన్స్ వైపు) వైర్లు విడదీసి, ఆంప్ లోహపు పెట్టె అయిన చాసిస్‌కూ వాటికీ మధ్య ఇన్సులేషన్ చూపించుకోండి. ఒక మెగా ఓమ్ కూడా రాకపోతే స్విచ్ వేయకుండా వైండింగ్ షాపుకు తీసుకెళ్లడమే.

లోపల చేయి పెట్టేవాళ్లకు ఒక మాట. ప్లగ్ పీకినంత మాత్రాన ఆంప్ చచ్చినట్టు కాదు. బాస్‌మ్యాన్ లాంటి వాటిలో 400 వోల్టులకు పైన, ఆంపెగ్ ఎస్‌వీటీలో 700 వోల్టుల దాకా ఫిల్టర్ కండెన్సర్లలో (కరెంటును దాచుకుని సమంగా అందించే భాగాలు) నిలిచి ఉండొచ్చు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి మెరుపు చూడటం మగతనం కాదు. 10 కిలో ఓమ్‌ల, 10 వాట్ల రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు కట్టి, దాని ద్వారా డిశ్చార్జ్ చేసి, మల్టీమీటర్‌లో దాదాపు సున్నా వచ్చాకే ముట్టుకోండి. ఇది చేసేటప్పుడు రెండో చేయి జేబులోనే ఉండాలి. ఈ పని అలవాటు లేకపోతే చాసిస్ విప్పనే వద్దు.

మొదటిసారి కరెంటు ఇచ్చేది సిరీస్ బల్బు బోర్డు మీదే, అంటే కరెంటు ఒక బల్బు గుండా పోయి ఆంప్‌కు చేరే బోర్డు. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. ముందు పవర్ వాల్వులు తీసి, స్పీకర్ మాత్రం తగిలించి ఉంచి స్విచ్ వేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే సరే. ప్రకాశంగా వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. 1960ల నాటి ఫిల్టర్ కండెన్సర్లు బాగానే కనిపిస్తున్నా మార్చేయమనే నేనంటాను. "ఒరిజినల్ పోతుంది" అని బాధపడేవాళ్లు పాతవి కవరులో వేసి దాచుకోవచ్చు. అవి షార్ట్ అయితే పోయేది పవర్ ట్రాన్స్‌ఫార్మర్, అది మళ్లీ దొరకడం కష్టం.

అమెరికా నుంచి వచ్చిన ఆంప్‌తో ఇంకో గొడవ ఉంది. అవి 117 వోల్టులవి, 60 హెర్ట్‌జ్‌కు చేసినవి. మన 50 హెర్ట్‌జ్ మీద ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వేడెక్కుతుంది, అందుకే 50/60 అని రాసి ఉందో లేదో చూడాలి. చవక స్టెప్‌డౌన్ డబ్బాల్లో చాలావరకు ఆటో ట్రాన్స్‌ఫార్మర్లే. లోపల వైండింగ్ ఒక్కటే, మెయిన్స్‌కూ ఆంప్‌కూ మధ్య అడ్డే ఉండదు. ప్లగ్ తిరగేసి పెడితే ఆంప్‌కు వెళ్లే రెండు వైర్లలోనూ ప్రమాదకరమైన వోల్టేజీ ఉంటుంది. దీనికి తోడు ఆ కాలపు రెండు పిన్నుల ఆంపుల్లో మెయిన్స్ నుంచి చాసిస్‌కు ఒక చిన్న కండెన్సర్ వేసేవారు. అది షార్ట్ అయిందంటే చాసిస్, దాంతో గిటార్ తీగలు కూడా లైవ్. ఆ కండెన్సర్ కత్తిరించేసి, మూడు పిన్నుల కార్డు వేసి, ఎర్త్ వైరును ప్రత్యేక బోల్టుతో చాసిస్‌కు బిగించండి. స్టెప్‌డౌన్ రెండు వేర్వేరు వైండింగ్‌లు ఉన్నది కొనండి. ఖర్చు ఎక్కువే, ఇక్కడ మాత్రం బేరం వద్దు.

పందిరి దగ్గర ఇచ్చే తాత్కాలిక కనెక్షన్‌ను గుడ్డిగా నమ్మకండి. న్యూట్రల్ లూజ్ అయితే 230 ఉండాల్సిన చోట 400కు దగ్గరగా రావచ్చు. మీటరు పెట్టి చూశాకే ప్లగ్ పెట్టండి. పాడే ముందు మైకుకూ గిటార్ తీగకూ మధ్య ఏసీ వోల్టేజీ కొలవండి. పదుల్లో కనిపిస్తే ఎర్త్ సరిచేసే దాకా ఎవరూ మైకు దగ్గర మూతి పెట్టకూడదు. హమ్ (గుయ్యిమనే మోత) వస్తోందని ఎర్త్ పిన్ను పీకేయడం మన దగ్గర మామూలైపోయింది, అది ప్రాణాల మీదికి తెస్తుంది. స్పీకర్ లేకుండా వాయించొద్దు, ఫ్యూజు బదులు వైరు చుట్టొద్దు, వాల్వు ప్లేటు (లోపలి లోహపు రేకు) ఎర్రబడితే పాట మధ్యలోనైనా ఆపేయండి.

ఇదే తుఫాన్ల కాలం కూడా. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న వచ్చాయి. హెచ్చరిక వినగానే ప్లగ్ పీకి, ఆంప్‌ను బల్ల మీదికి ఎక్కించండి. కరెంటు తిరిగి వచ్చిన మొదటి గంటల్లో వోల్టేజీ నిలకడగా ఉండదు, ఫ్రిజ్ పక్కింట్లో నడుస్తోంది కదా అని తొందరపడొద్దు. వరద నీరు ట్రాన్స్‌ఫార్మర్‌ను తాకితే ఎంత ఆరబెట్టినా మెగ్గర్ పెట్టి చూడకుండా స్విచ్ ముట్టుకోవద్దు.