కొత్త వైరస్ వార్త వచ్చినప్పుడు తొలి రోజుల్లో ఏం చూడాలి?

కొత్త వైరస్ గురించి తొలి కబుర్లు అరకొరగానే వస్తాయి. వాటిని చదవడం నేర్చుకోవాలంటే కోవిడ్ మొదట బయటపడిన చైనా నగరం వూహాన్ తేదీలు పక్కన పెట్టుకుంటే చాలు.

1. వార్త ఎక్కడ పుట్టిందో పట్టుకోండి

2019 డిసెంబర్ 31న వూహాన్ ఆరోగ్య కమిషన్ 27 మందికి కారణం తెలియని న్యుమోనియా వచ్చిందని ప్రకటించింది. ఆ ముందురోజే ఆసుపత్రులకు వెళ్లిన నోటీసు బయటికి పొక్కింది. వ్యాధుల సమాచారాన్ని ప్రపంచమంతటికీ చేరవేసే ప్రోమెడ్‌లోనూ అది వచ్చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు కూడా మొదట తెలిసింది ఇలాంటి బహిరంగ సమాచారంతోనే. జనవరి 1న ఆ సంస్థ చైనాను వివరాలు అడిగితే 3న జవాబొచ్చింది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఇలాంటి విషయాలకు గడువు 24 గంటలు!

కాబట్టి వాట్సాప్ ఫార్వర్డ్ చూడగానే, దాని వెనక స్థానిక ఆరోగ్య శాఖ ప్రకటన గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించే 'డిసీజ్ ఔట్‌బ్రేక్ న్యూస్' గానీ ఉందేమో వెతకండి. దొరకనంత మాత్రాన అబద్ధమని కాదు, ఇంకా నిర్ధారణ కాలేదనుకోండి. అప్పటిదాకా మీరు ఫార్వర్డ్ చేయకండి.

2. 'ఆధారాలు లేవు' అన్నచోట ఆగండి

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. జనవరి 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ 44 మంది రోగుల గురించి చెబుతూ, మనిషి నుంచి మనిషికి చెప్పుకోదగ్గ స్థాయిలో సోకుతున్న ఆధారాలు లేవని రాసింది. అది చైనా బృందం ఇచ్చిన ప్రాథమిక సమాచారమని అందులోనే ఉంది. 14న ట్వీట్‌లో 'స్పష్టమైన ఆధారాలు లేవు' అంది. 20వ తేదీకల్లా చైనా నిపుణుడు ఝాంగ్ నాన్‌షాన్ మనుషుల మధ్య సోకుతోందని టీవీలోనే చెప్పారు. అంతలో వైరస్ మారిపోలేదు. వెతకడం పెరిగింది, అంతే.

అందుకే ఆ మాట కనబడితే రెండు ప్రశ్నలు వేసుకోండి: ఈ సమాచారం ఎవరిచ్చారు? ఎవరిని పరీక్షించారు? వూహాన్‌లో మొదట్లో హువానాన్ అనే చేపలు, మాంసం అమ్మే మార్కెట్‌తో సంబంధం ఉన్నవాళ్ల మీదే ఎక్కువగా దృష్టి పెట్టారు. అలా వెతికితే మార్కెట్ కేసులే దొరుకుతాయి మరి.

3. నర్సులు, డాక్టర్ల సంగతి చూడండి

నా లెక్కలో కేసుల సంఖ్య కన్నా ఇది ముఖ్యం. వాళ్లకు సోకుతోందంటే జబ్బు రోగి నుంచి మరొకరికి పాకుతున్నట్టే. 2003లో హనోయి ఆసుపత్రిలో సిబ్బంది వరసగా జబ్బుపడటం చూసి డాక్టర్ కార్లో ఉర్బానీ హెచ్చరించారు. మార్చి 12న సార్స్ అనే ఆ కొత్త శ్వాసకోశ జబ్బుపై ప్రపంచ హెచ్చరిక వచ్చింది. ఆ జబ్బుతోనే మార్చి 29న ఆయన చనిపోయారు. వూహాన్ విషయంలోనూ ఝాంగ్ చెప్పినవాటిలో వైద్య సిబ్బందికి సోకిన సంగతి ఉంది.

రెండో గుర్తు, వేరే దేశంలో కేసు. 2020 జనవరి 13న థాయ్‌లాండ్ ప్రకటించిన రోగి వూహాన్ నుంచి వచ్చిన ప్రయాణికురాలు, కానీ హువానాన్ మార్కెట్‌కు వెళ్లలేదు. అంటే జబ్బు అప్పటికే మార్కెట్ గోడ దాటిందని అనుమానించాలి.

4. మరణాల శాతం లెక్కలు కట్టకండి

మొదట బయటపడేవి తీవ్రమైన కేసులే, అందుకే శాతం ఎక్కువగా కనిపిస్తుంది. తేలికపాటి కేసులు లెక్కలోకి రావాలంటే పరీక్షలు కావాలి. వైరస్ జన్యుక్రమం జనవరి 11న అందరికీ అందుబాటులోకి వచ్చాకే దేశాలు సొంతంగా పరీక్షలు తయారుచేసుకోగలిగాయి.

5. పెద్ద ప్రకటన కోసం కూర్చోకండి

చాలామందికి గుర్తున్నది మార్చి 11న 'మహమ్మారి' అన్న మాట. అసలు గంట జనవరి 30నే మోగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ ప్రజారోగ్య అత్యవసర స్థితి ప్రకటించింది ఆరోజే. భారత్‌లో తొలి కేసు బయటపడిందీ ఆరోజే, కేరళలో. తైవాన్ మాత్రం డిసెంబర్ 31 నుంచే వూహాన్ విమానాల్లోకి ఎక్కి ప్రయాణికులను పరీక్షించింది. పొరుగు దేశాలు ఏం చేస్తున్నాయో చూస్తే ప్రకటనల కన్నా ముందే విషయం అర్థమవుతుంది.

6. మీవాళ్లు అక్కడుంటే

చైనాలో మెడిసిన్ చదివే తెలుగు పిల్లలు చాలామందే. టెన్షన్‌తో పదేపదే ఫోన్లు చేయడం కన్నా, పాస్‌పోర్ట్ వివరాలతో భారత రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించమనండి. 2020లో బీజింగ్ కార్యాలయం హెల్ప్‌లైన్లు తెరిచింది, ఎయిర్ ఇండియా విమానాలు వెళ్లి వూహాన్ నుంచి మనవాళ్లను తెచ్చాయి.

తిరిగొచ్చాక ఎయిర్‌పోర్టులో జ్వరం లేదన్నారని నిశ్చింతగా ఉండొద్దు. కేరళ తొలి కేసైన విద్యార్థినికి ఇంటికి చేరాకే లక్షణాలు మొదలయ్యాయి. విడి గదిలో ఉంటూ, ఒంట్లో తేడాగా ఉంటే నేరుగా ఆసుపత్రికి పరుగెత్తకుండా ముందు ఫోన్ చేసి ఎక్కడినుంచి వచ్చారో చెప్పాలి.