సొంతంగా ఇంజెక్షన్ వేసుకోవడం – 3వ పాఠం: తొడలో సూది

వయల్‌లోంచి, అంటే మందు సీసాలోంచి, సిరంజిలోకి మందు తీసుకోవడం దగ్గర పోయిన పాఠం ఆపాం. ఇప్పుడు ఆ మందు కండలోకి వెళ్లాలి. అందరికీ టెన్షన్ ఇక్కడే. సూది గుచ్చడం ఒక్క క్షణం పని. నొప్పి ఎంత ఉంటుందన్నది మాత్రం చాలావరకు అంతకుముందే తేలిపోతుంది. మీరు ఎంచుకున్న చోటు ఏది, కాలు వదులుగా ఉందా లేదా అన్నవే దాన్ని తేలుస్తాయి. అందుకే ఈ పాఠంలో సగం దాకా సూది ముట్టుకోం.

మొదటి పాఠంలో పెట్టిన షరతు ఇప్పుడూ అంతే. డాక్టర్ రాసిచ్చిన మందు, ఇంట్లో వేసుకోవచ్చని వాళ్లు చెప్పిన మందు అయితేనే. మొదటిసారి నర్సు పక్కన ఉండగా వేసుకోవాలి. మీ మందుకి వేరే చోటో వేరే సూదో చెప్పి ఉంటే వాళ్ల మాటే ఖాయం.

ఇంజెక్షన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది పిరుదు. సొంతంగా వేసుకునేవాళ్లు దాని జోలికి వెళ్లకండి. కాలికి వెళ్లే పెద్ద నరం, సయాటిక్, అటుగానే పోతుంది. పైగా నడుము తిప్పి, సరిగ్గా కనపడని చోట గుచ్చుకోవాలి. అలా మెలితిరిగితే కండ బిగుసుకుంటుంది. భుజమూ అంత వీలు కాదు. అక్కడి కండ చిన్నది, మామూలుగా 1 మి.లీ. మించి వేయరు, పైగా పనిచేయడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. తొడ బయటి వైపు అలా కాదు. పెద్ద నరాలు, పెద్ద రక్తనాళాలు అక్కడ ఉండవు. కళ్లెదురుగా ఉంటుంది, రెండు చేతులూ ఖాళీ.

చోటు ఇలా పట్టుకోండి. కుర్చీలో కూర్చుని తుంటి పక్కన తడిమితే గట్టిగా ఒక ఎముక తగులుతుంది. దాని కింద ఒక అరచేయి వెడల్పు వదిలేయండి. అలాగే మోకాలి చిప్పకి పైన మరో అరచేయి వెడల్పు వదిలేయండి. మధ్యలో మిగిలిన దాంట్లో నడిమి భాగం మనది. ఇది నిలువు కొలత. అడ్డం కొలతకి ప్యాంటు గుర్తు చేసుకోండి. ముందు వచ్చే ఇస్త్రీ మడతకీ పక్క కుట్టుకీ మధ్య ఉన్న మేర సరిపోతుంది. మడత దాటి లోపలి వైపు వెళ్లకూడదు, పెద్ద రక్తనాళాలు ఉండేది అటే. మచ్చ, గడ్డ, ఎర్రబారిన చర్మం, పోయినసారి సూది పడ్డ చోటు వదిలేయండి. ఒకసారి కుడి తొడ, ఇంకోసారి ఎడమ.

ఇప్పుడు కాలు వదులు చేయాలి. పాదం నేలకి ఆనించి, బరువు పడకుండా కూర్చోండి. తొడ కండని చేత్తో పట్టుకుని ఊపితే మెత్తగా కదలాలి. రాయిలా ఉంటే ఇంకా భయం పోలేదన్నమాట. తొందరేం లేదు, ఒక నిమిషం ఆగండి.

సూది విషయం క్లుప్తంగా. సూది లావు చెప్పే గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, ఇది తలకిందులుగా గుర్తుపెట్టుకునేవాళ్లే ఎక్కువ. పెద్దవాళ్లకి తొడలో సాధారణంగా 25 నుంచి 38 మి.మీ. పొడవు వాడతారు, ఒంటిని బట్టి డాక్టరో నర్సో చెబుతారు. పొట్టి సూదైతే మందు కొవ్వులోనే ఆగిపోవచ్చు. వయల్ రబ్బరు మూతలో దిగిన సూదికి మొన మొద్దుబారుతుంది, అందుకే గుచ్చుకోవడానికి కొత్తది మార్చండి.

స్పిరిట్ దూదితో తుడిచాక 30 సెకన్లు ఆరనివ్వండి. నోటితో ఊదకండి, మళ్లీ వేలు పెట్టి చూడకండి. తడి ఆరకుండా గుచ్చితే స్పిరిట్ సూదితో పాటు లోపలికి దిగి భగ్గుమంటుంది. చాలామంది మందు మండుతోందనుకునేది ఈ మంటనే.

ఎడమ చేత్తో ఆ చోట చర్మాన్ని 2, 3 సెం.మీ. పక్కకి లాగి అలాగే పట్టుకోండి. కుడి చేత్తో సిరంజిని పెన్నులా పట్టుకుని నిటారుగా, 90 డిగ్రీల్లో, ఒక్క ఊపులో దించండి. భయపడుతూ కొంచెం కొంచెంగా నెడితేనే ఎక్కువ నొప్పి. సూది దిగాక మాత్రం నిదానం. సిరంజి వెనక నొక్కే కడ్డీనే ప్లంజర్ అంటారు. ప్లంజర్‌ని 1 మి.లీ.కి సుమారు 10 సెకన్ల చొప్పున నొక్కండి. మందు అయిపోయాక మరో 10 సెకన్లు ఆగి, సూది నేరుగా బయటికి తీసి, అప్పుడు చర్మం వదలండి. చర్మం తిరిగి తన చోటికి వచ్చేసరికి సూది చేసిన దారి మూసుకుపోతుంది, మందు బయటికి కారదు.

ప్లంజర్ వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడాలా? టీకాలకి అవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నూనెలో కలిపిన కొన్ని మందులకి ఇప్పటికీ చూడమంటారు. మీ మందు సంగతి ముందే అడిగి పెట్టుకోండి. లాగినప్పుడు రక్తం కనిపిస్తే ఎక్కించకుండా తీసేయండి. ఆ సిరంజి పారేసి కొత్తదాంతో మొదలుపెట్టాలి. గుచ్చగానే కాలి పొడవునా షాక్ కొట్టినట్టు జివ్వుమంటే అప్పుడూ మందు ఎక్కించకుండా తీసేయడమే. ఇక సినిమాల్లో చూపించే గాలి బుడగ భయం అక్కర్లేదు. కండలోకి వెళ్లిన చిన్న బుడగ ప్రాణం తీయదు, కాకపోతే బుడగ పట్టినంత మేర మందు తగ్గుతుంది.

తీశాక పొడి దూదితో మెల్లగా అదమండి, రుద్దకండి. ఒకటి రెండు చుక్కల రక్తం మామూలే. సూదికి మూత పెట్టే ప్రయత్నం చేయొద్దు, చేతికి గుచ్చుకునేది సరిగ్గా అప్పుడే. నేరుగా గట్టి డబ్బాలో వేసేయండి. ఊపిరాడకపోయినా, పెదవులు, ముఖం వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా కాసేపు చూద్దాం అనుకోకుండా వెంటనే అంబులెన్స్ పిలవండి.

వచ్చే పాఠం దాకా సాధన: సూది లేకుండా, రెండు తొడల మీదా పెన్నుతో చోటు గీసుకోండి. ఈసారి నర్సు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ గీత చూపించి సరిచేయించుకోండి. సూది డబ్బా ఎలాంటిది ఉండాలి, గడ్డ కట్టిందా చీము పట్టిందా ఎలా గుర్తుపట్టాలి అన్నవి 4వ పాఠంలో.