పెరట్లో కుంట నీళ్ళు నిలబడకపోతే ముందు ఎక్కడ పోతున్నాయో పట్టుకోండి

కలువల కోసం తవ్వుకున్న కుంట రాత్రి నింపితే పొద్దునకు బెత్తెడు దిగిపోయిందంటే చాలామంది చేసే మొదటి పని మేస్త్రీని పిలిచి అడుగంతా ఇంకో పూత సిమెంటు వేయించడం. దయచేసి అలా చేయకండి. తిరుపతిలో మా ఇంటి వెనక కుంటకు మేమూ అదే చేశాం, రెండు మూటల సిమెంటు పోయింది గానీ నీళ్ళు ఆగలేదు, ఎందుకంటే కారుతున్నది అడుగున కాదు, పంపు పైపు గోడలోంచి బయటికి వచ్చే చోట.

అసలు లీకేనా అన్నది ముందు తేలాలి. మే నెలలో మన ఎండకు, వేడిగాలికి రోజుకు దాదాపు సెంటీమీటరు నీళ్ళు ఆవిరైపోతాయి, అది లీకు కాదు. ఒక బకెట్లో బరువుకు రాయి వేసి కుంటలోనే నిలబెట్టండి. కుంట నీళ్ళు ఏ మట్టంలో ఉన్నాయో బకెట్లోనూ అంతే పోసి, రెండింటికీ గీత పెట్టి, పంపు ఆపేసి, 24 గంటలు వదిలేయండి. రెండూ ఒకేలా దిగితే ఎండ పనే. కుంట ఎక్కువ దిగితే లీకు. 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పున్న కుంటలో ఒక్క అంగుళం దిగిందంటే 113 లీటర్లు పోయినట్టు, అందుకే అంగుళమే కదా అని వదిలేయకూడదు. పంపు ఆపితే ఆగి, వేస్తే దిగుతోందంటే గోడల జోలికి పోనక్కర్లేదు, పైపు జాయింట్లు చూసుకోండి.

లీకే అని తేలాక నీళ్ళు పోయడం మానేయండి. చేపలుంటే అదే నీళ్ళతో టబ్బులోకి మార్చి, కుంటను దిగనివ్వండి. ఎక్కడ ఆగిపోతే బొక్క ఆ గీత దగ్గరే ఉంటుంది. మొత్తం ఎండిపోతే అడుగున ఉన్నట్టు. ఆగిన గీత వెంబడి తెల్లవారుజామున, గాలి లేనప్పుడు, సూది తీసిన సిరంజీతో పాలు చుక్కచుక్కగా వదలండి. మామూలు చోట పాలు మబ్బులా అక్కడే విచ్చుకుంటాయి. పగులు ఉన్న చోట మాత్రం దారంలా సాగి, మెల్లగా గోడలోకి లాగినట్టు వెళ్ళిపోతాయి. మాకు పైపు చుట్టూ వెంట్రుకంత సందు అలాగే కనిపించింది.

సిమెంటు కుంటైతే పగులు మీద పూత పూస్తే నిలవదు. ఉలితో అంగుళం లోతు చెక్కి, దుమ్ము కడిగి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళు ఇసుక, అందులో వాటర్‌ప్రూఫింగ్ మందు కలిపి గట్టిగా కూరి, వారం రోజులు తడి గోనె కప్పండి. అడుగున ప్లాస్టిక్ లేదా రబ్బరు షీటు పరిచిన కుంటైతే చిరిగిన చోట శుభ్రంగా తుడిచి బాగా ఆరాకే ఆ షీటుకు సరిపోయే ప్యాచ్ అంటించాలి. షీటు అంచు గట్టు కంటే కిందికి జారిందేమో కూడా చూడండి, అక్కడి మట్టి, గడ్డి వత్తిలా నీళ్ళు పీల్చేస్తాయి. షీటే మార్చాల్సి వస్తే పొడవుకూ వెడల్పుకూ విడివిడిగా లోతుకు రెట్టింపు, పైన రెండడుగులు కలపండి.

మట్టి కుంట సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి. మన వైపు చాలాచోట్ల గరప కలిసిన ఎర్రనేల, అందులో నీళ్ళు నిలవమంటే నిలవవు. చెరువు పూడిక మట్టి తెప్పించి, తడిపి, పెన్సిలంత లావున తాడులా చుట్టి వంచండి. విరగకపోతే మంచి బంకమట్టి. పాత వేర్లు పీకేసి, ఎండ్రకాయల బొక్కలు, పందికొక్కు కలుగులు కూరి, ఆ మట్టిని జానెడు మందం వచ్చేలా మూడు పొరలుగా పరచి, ఒక్కో పొరనూ తడి మీదే కాళ్ళతో తొక్కాలి. ఆరనిస్తే నెర్రెలు విడుస్తుంది, కాబట్టి తొక్కిన వెంటనే నీళ్ళు పెట్టండి. మంచి మట్టి దొరక్కపోతే ఎర్తింగ్ గుంతల్లో వేసే బెంటొనైట్ పొడిని పైమట్టిలో కలిపి తొక్కినా పనిచేస్తుంది, తడిస్తే ఉబ్బి సందులు మూస్తుంది. ఏదైనా నీళ్ళున్న వైపు నుంచే మూయాలి, బయట పూస్తే నీటి ఒత్తిడి దాన్ని నెట్టేస్తుంది. గట్టు బయట ఊరే నీళ్ళు తేటగా ఉంటే కాస్త టైముంది, బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోంది, ఆ రోజే మూయండి. 2021 నవంబరు వానలకు తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్టకు లీకు పడి కింది ఊళ్ళ జనాన్ని ఖాళీ చేయించినప్పుడు అందరి భయమూ అదే.

కొత్త సిమెంటు సున్నం నీళ్ళలోకి దిగి చేపల్ని చంపుతుంది. అందుకని కుంట నింపి రెండు మూడు రోజులుంచి పారబోయడం మూడుసార్లు చేయండి. ఆ తర్వాత నింపిన నీళ్ళకు మళ్ళీ బకెట్ పెట్టి, మూడు రోజులు గీత చూసుకుని, అప్పుడు ముందు నాలుగు గప్పీ చేపలను మాత్రం వదలండి. అవి వారం బాగుంటే మిగతావి.