టైంటేబుల్ ప్రోగ్రాం తెమలట్లేదా? గ్రాఫ్ కలరింగ్: సమస్య - పరిష్కారం

అమలాపురం, భీమవరం వైపు డిగ్రీ కాలేజీల్లో పరీక్షల టైంటేబుల్ వేసేవాళ్ల కోసం ఇది. ఒక్కో సబ్జెక్టు ఒక చుక్క. ఒకే విద్యార్థి రెండు సబ్జెక్టులూ రాయాల్సి ఉంటే ఆ చుక్కల్ని గీతతో కలుపుతాం. పరీక్ష పూటలే రంగులు. గీత ఉన్న రెండు చుక్కలకీ ఒకే రంగు పడకూడదు. ఈ చుక్కలూ గీతల బొమ్మనే గ్రాఫ్ అంటారు.

సమస్య: పది సబ్జెక్టులకి చిటికెలో వచ్చింది, అరవైకి రాత్రంతా తిరిగినా రాలేదు.

కారణం: కంప్యూటర్ తప్పేం లేదు, ర్యామ్ పెంచినా ఒరిగేదేం ఉండదు. 60 చుక్కలకి మూడేసి రంగులు మార్చి చూడాలంటే వచ్చే రకాలు 29 అంకెల సంఖ్య. 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త రిచర్డ్ కార్ప్ చూపించిన 21 ఎన్‌పీ-కంప్లీట్ సమస్యల్లో (ఒకదానికి త్వరగా తేల్చే పద్ధతి దొరికితే అన్నిటికీ దొరికినట్టే అనే మొండి సమస్యలు) ఇదీ ఒకటి. ఏ గ్రాఫ్ ఇచ్చినా త్వరగా తేల్చే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు, అలాంటిది ఉండదన్న రుజువూ లేదు.

పరిష్కారం: అన్నిటికీ అన్నిటితో గీతలున్న సబ్జెక్టుల గుంపుని ముందు వెతకండి. అలాంటివి ఐదుంటే నాలుగు పూటల్లో కుదరదని అక్కడే తేలిపోతుంది. ఆ ఐదుకీ పూటలు ముందే ఖాయం చేసేయండి. రంగులు అటూఇటూ మార్చి అదే జవాబుని మళ్లీ మళ్లీ వెతికే పని తప్పుతుంది. మిగతాది శాట్ సాల్వర్‌కి (అవును-కాదు షరతులన్నీ ఒకేసారి కుదురుతాయేమో వెతికే ప్రోగ్రాం) అప్పగించండి. రెండు పూటలు చాలా లేదా అన్నదే ప్రశ్నయితే ఇదంతా అక్కర్లేదు. బేసి సంఖ్య చుక్కలతో చుట్టు ఉందేమో చూస్తే చాలు, అది క్షణాల పని.

సమస్య: త్వరగానే వచ్చింది గానీ, పూటలు ఎక్కువ అడుగుతోంది.

కారణం: వరస. లిస్టులో ఉన్న వరసలోనే ఒక్కో సబ్జెక్టుకీ అడ్డం లేని మొదటి పూట ఇచ్చేస్తోంది మీ ప్రోగ్రాం. ఆక్వాకల్చర్–కెమిస్ట్రీ, కెమిస్ట్రీ–బోటనీ, బోటనీ–హార్టికల్చర్ మధ్య మాత్రమే గీతలున్నాయనుకోండి. లిస్టులో ఆక్వా, హార్టికల్చర్ ముందుంటే రెండూ మొదటి పూటకి వెళ్తాయి. కెమిస్ట్రీ రెండో పూట. బోటనీకి ఆ రెండూ అడ్డమే, మూడో పూట కావాలి. నిజానికి ఆక్వా, బోటనీ పొద్దున. కెమిస్ట్రీ, హార్టికల్చర్ మధ్యాహ్నం పెడితే సరిపోయేది!

పరిష్కారం: చుట్టూ ఎక్కువ రంగులు పడిపోయిన చుక్కకి ముందు రంగు వేసే డీశాట్ పద్ధతి వాడండి. 1979లో బ్రెలాజ్ ఇచ్చింది. రెండు రంగులు చాలే గ్రాఫ్‌లో ఇది ఎప్పుడూ రెండిటితోనే ముగిస్తుంది. మిగతా వాటిలో హామీ లేదు, అయినా నేను ముందు దీన్నే నడుపుతాను.

సమస్య: ఇది టైంటేబుల్ కాదు, జిల్లాల మ్యాపు (జిల్లా ఒక చుక్క, సరిహద్దు కలిసే జిల్లాల మధ్య గీత), నాలుగు రంగులు చాలాలి కదా. ఐదోది అడుగుతోందేంటి?

కారణం: 1976లో అపెల్, హాకెన్ రుజువు చేసిన నాలుగు రంగుల సిద్ధాంతం ప్రతి ప్రాంతం ఒకే ముక్కగా ఉన్నప్పుడే వర్తిస్తుంది. మన గౌతమి ఒడ్డున ఉన్న యానాం పుదుచ్చేరిలో భాగం. కారైకాల్, మాహేతో పాటు అన్నిటికీ ఒకే రంగు కావాలంటే ఆ హామీ పోతుంది. మామూలు మ్యాపుకైనా మూడు రంగులు చాలా అన్న ప్రశ్న ఎన్‌పీ-కంప్లీటే.

పరిష్కారం: యానాంకి విడిగా రంగు వేయొచ్చేమో ముందు అడగండి. కుదరదంటే పుదుచ్చేరి ముక్కలన్నిటినీ ఒకే చుక్కగా కలిపి, ఐదో రంగు కూడా సిద్ధంగా ఉంచుకుని నడపండి.